గాటు లేని చెవులు

"కట్టెయ్‌రా వాన్ని! గుంజకు కట్టెయ్!"

మాదన్నపేటలో రామ్‌చందర్ బర్రెల కొట్టం పక్కింటి మల్లన్న అరుపులతో అదిరిపోతోంది. ఇద్దరు మనుషులు చెప్పులు కుట్టే ఎల్లప్పను పట్టుకుని, చచ్చిన బర్రె మెడ నుంచి విప్పిన తాడుతోనే గుంజకు బిగించారు. తాడంతా చొంగ. అది ఎల్లప్ప మెడకు జిగటగా అంటుకుంది.

మూడు బర్రెలు చచ్చి పడున్నాయి. నాలుగోది చూడిది. మోకాళ్ల మీద కూలబడి నెత్తుటి విరేచనాలు పెడుతోంది. వచ్చిన ఇరుగుపొరుగంతా ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు.

"తోళ్ల కోసం విషం పెట్టినవ్ గదరా?" మల్లన్న ఎల్లప్ప చెంప పగలగొట్టాడు. "బర్రె సస్తే తోలు నీదేనాయె!"

"నాకేం తెల్వదు మల్లన్నా! నా పిల్లల మీద ఒట్టు. సచ్చినంక పిలిస్తేనే నేనొస్త."

"మరి గిదేంది?" తొట్టిలో దొరికిన నల్లటి ముద్దను మల్లన్న అందరికీ ఎత్తి చూపించాడు. "సూదులేయించిన బర్రెలకు రోగమెట్లొస్తది? మా బర్రెలకు రాలే గదా! గిది విషమే."

అందరూ రామ్‌చందర్ వైపు చూశారు. అతడు కొట్టం గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు. మెడ గోక్కున్నాడు.

పక్కనే ఉన్న అతడి భార్య ఆండాలు ముఖం పక్కకు తిప్పుకుంది. కొట్టం కంపు ఆమెకు రోజూ ఉన్నదే. ఈ రోత మొగుడి ముఖం చూసి పుట్టింది.

కిందటి నెల పశువుల డాక్టరు బండి పేటకు వచ్చింది. ఊరంతా బర్రెలను చంపే ముసర అంటురోగం తిరుగుతోందని, సూది వేయిస్తే బర్రెలు బతుకుతాయని చాటింపు వేశారు. సూది వేసిన ప్రతి బర్రెకూ గుర్తుగా చెవి అంచున కత్తెరతో గాటు పెట్టారు. డాక్టరు ఆండాలును యజమాని పేరడిగితే, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అత్త బుచ్చమ్మను పిలిచింది.

"రామ్‌చందర్, నా కొడుకు," అంది బుచ్చమ్మ. "మొగుని పేరా? మా కోడలు సచ్చినా చెప్పదు సాబ్!"

అంతా నవ్వారు. రామ్‌చందర్ మాత్రం బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. సూదితో జ్వరమొచ్చి పాలు తగ్గుతాయేమో. చూడి బర్రెకు కడుపు పోతుందేమో. వేయించకపోతే రోగం వస్తుందేమో. "రేపు చూద్దాం," అన్నాడు. మర్నాడూ అదే మాట. బండి వెళ్లిపోయింది. అడిగినవాళ్లందరికీ మాత్రం "ఏయించిన" అని చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఒక బర్రె నోట్లో పుండ్లు లేచాయి. దాన్ని దూరంగా కట్టమని ఆండాలు కాళ్లావేళ్లా పడింది. కడితే పాలు కొనేవాళ్లకు తెలిసిపోతుందని ఒక పూట ఆగాడు. కట్టకపోతే ఎలాగని ఇంకో పూట ఆలోచించాడు. ఈలోపు అది పక్కవాటి తొట్లలో చొంగ కార్చింది. చివరికి ఏదో నాటు మందు నూరమన్నాడు. ఆ ముద్దే ఇప్పుడు మల్లన్న చేతిలో ఉంది.

"క్యా లొల్లి హై?" ఠాణా జవాను జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చి, కంపుకు తూలి వెనక్కి జరిగాడు. "ఛీ ఛీ! బర్రెల మాలిక్ ఎవరు? నువ్వేనా? చెప్పు, ఈడేనా విషం పెట్టింది?"

"అయ్యుండొచ్చు సాబ్..." రామ్‌చందర్ నసిగాడు. "గని నేను సూడలే... మీరే జర సోంచాయించి తేల్చుండ్రి."

"గది చాలు! తీస్కపోండ్రి," అన్నాడు మల్లన్న.

జవాను గుంజకున్న తాడు విప్పి లాగాడు. ఎల్లప్ప రామ్‌చందర్ వైపు తిరిగాడు. "అన్నా, నీ చెప్పులు గుట్టిన చేతులివి. ఒక్క మాట చెప్పన్నా!"

రామ్‌చందర్ నోరు తెరిచాడు. పెదవి మూలన ఉమ్మి నురగ కట్టింది. మళ్లీ మూసుకున్నాడు.

ఆండాలు మల్లన్న చేతిలోంచి ముద్ద లాక్కుని కొరికింది.

"ఓ అవ్వో!" బుచ్చమ్మ గుండెలు బాదుకుంది.

"ఓమ, మిరియాలు, బెల్లం. నేనే నూరిన. విషమైతే నేను పడాలె గదా?" నములుతూనే ఆమె చచ్చిన బర్రె పక్కన కూర్చుని, ఈగలను తోలి, చెవి ఎత్తి పట్టుకుంది. "మల్లన్నా, మీ బర్రెల చెవులకు గాట్లున్నయ్ గదా. గీ చెవికేది?"

మల్లన్న వంగి చూశాడు. రెండో బర్రె చెవి ఎత్తాడు. మూడోదీ ఎత్తాడు. ఒక్కదానికీ గాటు లేదు.

"సూదులు... ఏయించలే?"

"ఏయించలే," అంది ఆండాలు.

మల్లన్న ఎల్లప్ప ముఖం వైపు చూడకుండా మెడలోని తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"నేను ఏయిద్దామనే అనుకున్న," అన్నాడు రామ్‌చందర్. "ఏ ఆండాలు, ఇంట్లకు నడువ్. గిదంతా రేపు మాట్లాడుకుందాం..."

రేపు. ఆండాలు నోట్లో ఉన్నదంతా తుపుక్కున పేడలో ఉమ్మేసింది.

"మరి బర్రెలను సంపిందెవరు?" జవాను కర్ర నేలకు తాటించాడు. "నామ్ బోలో అమ్మా, నామ్!"

బుచ్చమ్మ ఆమె మోచేయి పట్టుకుంది. "వద్దే! మొగుని పేరు నోట్లకు రానియ్యకే!"

ఆండాలు చేయి విదిలించుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. మొగుడి కళ్లలోకి సూటిగా చూస్తూ, వీధి చివరికి వినపడేలా చెప్పింది.

"రామ్‌చందర్!"