పదకొండు ఒకట్లు

లెక్కల టీచరమ్మ భర్త లేతు మిషను మీద పనిచేసేవాడు. పిల్లలు లేరు. ఖాళీ దొరికితే ఇద్దరూ సంఖ్యల గురించే కబుర్లాడుకునేవారు. ఆసుపత్రిలో చివరి వారం, ఆయాసంతో మాట తెగిపోతున్నా ఆయన ఆమెను మంచం దగ్గరికి పిలిచాడు.

"పదకొండు ఒకట్లు వరసగా రాయి. శేషం మిగలకుండా దాన్ని ఏదైనా భాగిస్తుందేమో చూడు."

"రెండు, ఐదు ఎలాగూ కుదరవు. అంకెలు కూడితే పదకొండు, కాబట్టి మూడూ కాదు," అందామె తడుముకోకుండా.

"ఏడూ కాదు. అచ్చం నీలాగే, కొరకరాని కొయ్య!" నవ్వబోయి దగ్గాడు. "జవాబు నాకు తెలుసులే. ఇంటికెళ్లాక చెప్తా."

ఆయన ఇంటికి రాలేదు.

టీచరమ్మ కంట తడి పెట్టలేదు. గుండె రాయి చేసుకుందన్నారు ఇరుగుపొరుగు. అక్క ఒంటరిదైపోయిందని చెల్లెలు తన కుట్టుమిషను తెచ్చుకుని ముందుగదిలో చేరింది. అక్క మాత్రం స్నానం చేసి, తిని, పెన్సిలు చెక్కుకుని కిటికీ పక్కన కూర్చునేది. ప్రధాన సంఖ్యలను ఒక్కొక్కటే తీసుకుని ఆ పదకొండు ఒకట్లను భాగించేది. ప్రతిసారీ ఎంతో కొంత మిగిలేది. మిగిలినప్పుడల్లా ఆమె మొహం తేటపడేది.

"కాలిక్యులేటరుతో చేయొచ్చు కదక్కా?"

"మీ బావ చేత్తోనే చేసుంటాడే. తొందరేముంది?"

ఒకరోజు చెల్లెలు ఉండబట్టలేక ఆ లెక్కను ఫోనునే అడిగింది. అడిగీ అడగకముందే రెండు సంఖ్యలు వచ్చి పడ్డాయి. ఆమె ఫోను బోర్లించేసి, నోటికి తాళం వేసుకుంది. అక్క వేళకు తింటోంది, వేళకు నిద్రపోతోంది. అది చాలనుకుంది.

ఏళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం చెల్లెలు జాకెట్టుకు కాజాలు కుడుతుంటే, కిటికీ దగ్గర పెన్సిలు చప్పుడు ఆగిపోయింది.

"ఇరవై ఒక్క వేల ఆరువందల నలభై తొమ్మిది," అంది అక్క. "శేషం సున్నా."

మళ్లీ గుణించి చూసుకుంది. పదకొండు ఒకట్లూ వరసగా వచ్చి నిలబడ్డాయి.

"నీకు ముందే తెలుసు కదూ? నువ్వు ఉలిక్కిపడలేదు."

చెల్లెలు సూది గుచ్చేసి తల వంచుకుంది. "తెలుసక్కా. చెప్తే నువ్వేమైపోతావోనని..."

"మంచి పని చేశావు." అక్క పెన్సిలు కింద పెట్టింది. "జవాబు చెప్తానన్నాడు కదే. అది దొరకనంతకాలం ఆయన ఇంకా ఏదో చెప్పబోతున్నట్టే ఉండేది. ఇప్పుడు చెప్పాల్సిందేం లేదు."

ఆ మాటతో కట్ట తెగింది. ఆసుపత్రిలో రాని ఏడుపు, శవం దగ్గర రాని ఏడుపు, అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. చెల్లెలు ఆమెను ఒళ్లోకి లాక్కుని, చిన్నప్పుడు అక్క తనకు చేసినట్టే వీపు నిమిరింది.

తర్వాత చాలా రోజులు టీచరమ్మ కంచం ముందు కూర్చుని ఏడ్చేది. ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, "ఎంత దగ్గాడో పాపం," అనేది. చెల్లెలు ఊరుకోమనలేదు. మంచినీళ్లు పక్కన పెట్టి, తనూ అక్కడే కూర్చునేది.