మిక్సీలో చెప్పు ముక్క

మా పుట్టింట్లో ఏ వస్తువూ రిపేరు షాపు గుమ్మం తొక్కలేదు. ఊగే బల్లకైనా, కారే కుళాయికైనా మా నాన్న దగ్గర ఒకటే మందు, పాత రబ్బరు చెప్పులోంచి కోసిన ముక్క. ఆ వైద్యం అక్కకీ నాకూ ఆస్తిలా వచ్చింది. వేరే ఆస్తేమీ లేదు కాబట్టి పంపకాల్లో గొడవ కూడా రాలేదు.

అక్క పనిచేసే బట్టల దుకాణం మూసేశాక మా ఇంటికొచ్చింది. ఊరికే కూర్చుంటే తిన్నది అరగదంటూ వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే మా మిక్సీ అరవడం మొదలెట్టింది. రేకు మీద రాయి పెట్టి ఈడ్చినట్టుండేది. ఆ మోతకి పక్కింటి పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చేది.

"అక్కా, నువ్వు గిన్నె నిండా కుక్కేసి తిప్పుతున్నావు. మోటారు కాలిపోదూ? ఇక నువ్వు దాన్ని ముట్టుకోకు," అన్నాను. అదీ మా ఆయన ముందే.

అక్క నాలుగు తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి చిన్న రోలు ముందేసుకుని అన్నీ చేత్తోనే దంచడం మొదలెట్టింది, మణికట్టుకి గుడ్డ చుట్టుకుని మరీ. ఆ గుడ్డ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

కొన్నాళ్ళకి, ఎక్కడో కుట్టుపని దొరికిందనీ, అక్కడే గది కూడా ఇస్తారనీ చెప్పింది. ఆదివారం సాయంత్రం ప్రయాణమట. ఎందుకు వెళ్తోందో నాకు తెలుసు. అడిగే మొహం లేక అడగలేదు.

ఆదివారం పొద్దున్నే మిక్సీ ముందు కూర్చున్నాను. అది బాగుపడితే అక్క ఆగుతుందేమోనని ఆశ.

"షాపులో ఇస్తే పోలా?" అన్నాడు మా ఆయన.

"పోతుంది, మా పుట్టింటి పరువు," అన్నాను.

ప్లగ్గు పీకి, మిక్సీని తువ్వాలు మీద బోర్లా పెట్టి, అడుగునున్న స్క్రూలు విప్పాను. వెనక వరండాలోంచి అక్క దంచుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. లోపల మోటారు ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. దాని కిందున్న ఫ్యాను రెక్క అడుగుపలకని రాసుకుని, అక్కడ తెల్లగా గీత పడింది. మోటారు కదలకుండా పట్టి ఉంచే రబ్బరు బుష్షులు అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాని చోట నలిగి, గట్టిపడిపోయిన నీలం ముక్క ఉంది.

అది నా చెప్పు ముక్క. అక్క రాకముందెప్పుడో పాత బుష్షు అరిగిపోతే నేనే కోసి ఇరికించి, మా ఆయన ముందు కాలరెగరేసి, హాయిగా మర్చిపోయాను.

ముక్కని గుప్పిట్లో దాచేశాను. చెత్తబుట్టలో పడేస్తే అడిగేవాళ్ళు లేరు. బజారుకెళ్ళి కొత్త బుష్షు తెచ్చి బిగించేదాకా నోరు విప్పలేదు. అంత సిగ్గుమాలిన పని నేను చెయ్యగలనని నాకే తెలీదు.

మిక్సీ మెత్తగా తిరిగింది.

"బంగారు చేతులోయ్ నీవి!" అన్నాడు మా ఆయన. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

అక్క పరిగెత్తుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అమ్మయ్య! చూశావుటే, నేను ముట్టుకోవడం మానేసేసరికి ఎంత నెమ్మదించిందో! నీ వస్తువు పాడుచేసి పోతున్నానని ఒకటే బెంగగా ఉండేది."

ఇక నావల్ల కాలేదు. గుప్పిట విప్పాను.

అక్క ఆ ముక్కని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నాన్న కూతురికి వేరే వివరం చెప్పక్కర్లేదు.

"తప్పంతా నాదే అక్కా. అడగనైనా అడక్కుండా నీ మీద వేసేశాను," అంటూ ఏడ్చేశాను.

"ఇంకాస్త మందంగా కొయ్యాల్సింది," అంది అక్క, అచ్చం నాన్నలాగే. తర్వాత నా కళ్ళు తుడిచింది. "పోనీలే, ఊరుకో."

"సంచీ విప్పెయ్యి. వెళ్ళొద్దు. ఇవాళ్టి నుంచి మిక్సీ నీదే."

అక్క నవ్వింది. నానిన పప్పు తెచ్చి, గిన్నెలో రెండు గరిటెలే వేసి, మూత బిగించింది. తర్వాత చేతులు తుడుచుకుని పక్కకి జరిగింది.

"నువ్వే తిప్పవే," అంది. "నాకెందుకో భయంగా ఉంది."