గళ్ల చొక్కాల సంచులు

ఆ వీధిలో ఆమెను అందరూ మిషనమ్మ అనేవాళ్లు. ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదేమో అనుకునేవాళ్లు. అందుకే, పర్యావరణ దినోత్సవం నుంచి ప్లాస్టిక్ సంచులు మానేద్దామని వీధివాళ్లు తీర్మానించుకున్నప్పుడు, ఇంటింటికీ గుడ్డ సంచులు కుట్టే పని తిన్నగా వచ్చి ఆమె ఒళ్లో పడింది. ఆమె కాదనలేదు. నిజానికి లోలోపల పొంగిపోయింది.

వాళ్లూ వీళ్లూ పాత దుప్పట్లు, కర్టెన్లు తెచ్చిపడేశారు. మొక్కలు నాటించే పని సైన్సు మాస్టారి కుటుంబం తీసుకుంది. మిషనమ్మ భర్త బస్సు డ్రైవరు. సెలవు పెట్టి మరీ పిల్లల సైకిల్ ర్యాలీని నెత్తికెత్తుకున్నాడు. సంచులు తను పంచుతానంది ఆయన అక్క, మిషనమ్మకు వదిన. భర్త పోయాక ఆవిడ తమ్ముడి ఇంట్లోనే, వెనక గదిలో ఉంటోంది. మాట తక్కువ మనిషి. నలుగురిలోకి వస్తానని తనంతట తాను అనడమే ఇంట్లో అందరికీ సంబరమైంది.

తీరా రేపు వేడుక అనగా గుడ్డ చాల్లేదు. మళ్లీ వెళ్లి అడగడానికి మిషనమ్మకు అభిమానం అడ్డొచ్చింది. “అందరికీ సరిపోతాయి మాస్టారూ, మీరు నిశ్చింతగా ఉండండి” అని మాటిచ్చి కూర్చుంది మరి.

మధ్యాహ్నం వదిన గుంతలు తవ్వేవాళ్లకు టీ పట్టుకెళ్లింది. మిషనమ్మ వెనక గదిలోకి నడిచింది. బీరువా మీద ఒక మూట ఉంది. అందులో ఏముందో ఆమెకు తెలుసు. తెలియక చేశానని అనుకునే వీలు కూడా లేకపోవడమే తర్వాత ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. అవి వదిన భర్త, పోయిన అన్నయ్యగారి చొక్కాలు. పోస్టాఫీసులో పనిచేసినన్నాళ్లూ ఆయన గళ్ల చొక్కా తప్ప వేసి ఎరగడు.

‘తొడిగేవాళ్లు లేరు. పురుగు పట్టిపోయే కంటే మంచి పనికే కదా’ అని తనకు తానే సర్దిచెప్పుకుంది. రెండే తీద్దామనుకుంది. కత్తెర పడ్డాక చెయ్యి ఆగలేదు. ఖాళీ అయిన మూటలో పాత దిండు కుక్కి, ముడి మునుపటిలాగే వేసింది. జేబులు విప్పే తీరిక లేక వాటిని సంచుల మీదే ఉంచేసింది.

మర్నాడు పొద్దున వీధి వీధంతా బయటే ఉంది. పిల్లలు సైకిళ్లకు ఆకులు కట్టుకున్నారు. వాళ్ల అమ్మానాన్నలు చెరోవైపు పట్టుకుని మొక్కలు నాటుతున్నారు. బల్ల దగ్గర వదిన, ఆమెకు అందిస్తూ మిషనమ్మ. కర్టెన్ల సంచులు అయిపోయి గళ్ల సంచి చేతికి రాగానే వదిన ఆగిపోయింది. జేబు అడుగున సిరా మరక ఉంది. దాని మీద బొటనవేలు పెట్టి మెల్లగా రాసింది.

మిషనమ్మ తర్వాతి సంచిని జేబు కనిపించకుండా తిరగేసింది.

వదిన ఆమె వైపు చూడలేదు. సంచి మడిచి, ఎదురుగా నిలబడ్డావిడకు అందించింది. “ఇదిగోనమ్మా. జేబు కూడా ఉంది, చిల్లర వేసుకోవచ్చు.”

ఆ తర్వాతదీ అలాగే ఇచ్చింది. ఒక్కటీ మిగల్చకుండా అన్నీ తన చేత్తోనే పంచింది. మైకులో మాస్టారు మిషనమ్మను పొగుడుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. వదిన కూడా కొట్టింది. మిషనమ్మకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక ఇక ఉండబట్టలేకపోయింది. “వదినా, ఆ చొక్కాలు...”

“చూశాను.”

“తప్పయిపోయింది. అడిగితే మీరు ఇవ్వరనుకున్నాను.”

వదిన చెప్పులు విడిచి గోడవారగా పెట్టింది. “ఇచ్చేదాన్నేమో. ఇవ్వకపోయేదాన్నేమో. అడిగుంటే నాకూ తెలిసేది.”

“పాత గుడ్డలే కదక్కా, దాని కోసం...” అన్నాడు డ్రైవరు.

“గుడ్డలు కావవి. మీరు ఊరుకోండి” అంది మిషనమ్మ.

వదిన నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. తిట్టలేదు.

మర్నాడు తను దాచుకున్న కొత్త పరదా కత్తిరించి మిషనమ్మ సంచులు కుట్టింది. గళ్లవాటికి బదులు ఇవి తీసుకొమ్మని ఇల్లిల్లూ తిరిగింది. ఒకింట్లో అప్పటికే గళ్ల సంచిని చించి బండి తుడుస్తున్నారు. మూలింటి పెద్దాయన ఇవ్వనన్నాడు. “జేబులో నా కళ్లజోడు సరిగ్గా పడుతోందమ్మా. ఎందుకు మార్చడం?” ఆమె కొత్త సంచి చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగింది. చివరికి ఒక్కటి దొరికింది, అడుగున ఉల్లిపొట్టుతో. ఉతికి, ఇస్త్రీ చేసి వదిన మంచం మీద పెట్టింది.

వదిన దాన్ని చాలాసేపు చూసింది. “ఇంకెవర్నీ అడక్కు. పంచింది నేనే కదా, మళ్లీ లాక్కుంటే ఏం బాగుంటుంది?” అంది. సంచి మడుస్తూ, “ఊరుకున్నాను కదా అని మర్చిపోయాననుకోకు” అంది.

ఆ తర్వాత వదిన ఎప్పటిలాగే మాట్లాడింది. కలిసే తిన్నారు. కొత్త మొక్కలకు నీళ్లు పోసే వంతు ఆవిడ ఒక్కరోజూ తప్పలేదు. కానీ బయటికి వెళ్లేటప్పుడల్లా వెనక గదికి తాళం వెయ్యడం మొదలుపెట్టింది.

“మన ఇంట్లో తాళమెందుకక్కా?” అనడిగాడు తమ్ముడు.

“ఊరికే” అంది.

మిషను దగ్గర కూర్చున్న మిషనమ్మ తలెత్తలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూనే ఉంది, అది ఎంతకీ ఎక్కలేదు.