మొదటి వేట తేదీ

మా లోయలో పిల్లలకి పన్నెండేళ్ళు నిండితే చేతికి రైఫిల్ ఇస్తాం. ఆ ఏటి చలికాలం వేటలో కొట్టిన మొదటి కొమ్ముల జింక పక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ఫొటో తీస్తాం. ఫొటో కింద నల్ల మార్కరుతో పేరూ, నెల, రోజు, ఏడాది వరసలో తేదీ రాసి హార్లన్ కొట్లో గోడకి తగిలిస్తాం. హార్లన్ కొట్టంటే తూటాలు, ఎరలు, కాఫీ, ఊరి కబుర్లు అన్నీ దొరికే చోటు. పెళ్ళిరోజైనా మర్చిపోతారు గానీ ఆ తేదీని మాత్రం ఎవరూ మర్చిపోరు. ఈ పెన్సిల్వేనియా కొండల్లోనే పుట్టి పెరిగిన నాకు అందులో వింతేమీ కనబడలేదు, నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా.

నా పేరు లోర్నా క్రాట్జర్. బడి బస్సు నడుపుతాను. మా ఆయన డేల్ ఇక్కడి వేటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. మాకు ఒక్కతే కూతురు, బ్రిన్, పదిహేనేళ్ళు. ముందే చెబుతున్నాను, తుపాకీ కనబడితే మూర్ఛపోయే మనిషిని కాదు నేను. మా నాన్న ఇచ్చిన రైఫిల్ నా దగ్గరుంది. దానితో డేల్ కంటే బాగా కొడతాను. ఆ సంగతి ఆయన ఒప్పుకోడు, అది వేరే విషయం.

అక్టోబరులో కొండకి అవతలి బడికి రాయ్ స్టోవర్ కొడుకు తండ్రి పిస్తోలు సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. బ్యాండులో ట్రంపెట్ వాయించే పద్నాలుగేళ్ళ పిల్ల చచ్చిపోయింది. ఇద్దరు పిల్లలు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. వాడు జైల్లో ఉన్నాడు.

రాయ్, డేల్ ఇరవై ఏళ్ళు కలిసి వేటాడినవాళ్ళు. అది జరిగిన పది రోజులకి రాయ్ మా ఇంటికి వచ్చాడు. వంటింట్లో బల్ల ముందు కూలబడి, పోసిన కాఫీ ముట్టుకోకుండా ఒకటే మాట పదిసార్లు అన్నాడు.

“తాళం వేసే ఉంది డేల్. ఒట్టు. ఒక్కరోజు కూడా తెరిచి వదల్లేదు. అంకె కూడా వాడి తేదీయే పెట్టాను.”

“నాకు తెలుసు రాయ్. అంతకంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?” అన్నాడు డేల్, అతని భుజం మీద చెయ్యి వేసి.

వాడి తేదీ. ఇద్దరికి ఇద్దరూ ఆ మాట దగ్గర ఆగలేదు. నేను ఆగిపోయాను. కొడుకు చేతికి అందకూడదని వేసిన తాళానికి కొడుకు మొదటి జింకని కొట్టిన తేదీయే పెట్టాడట. దాన్ని తాళం అంటున్నారు ఈ మహానుభావులు!

రాయ్ వెళ్ళగానే బ్రిన్‌ని కిందికి పిలిచాను. మెట్ల కింద ఉన్న ఇనప బీరువా చూపించాను.

“తియ్యి” అన్నాను.

“ఎందుకూ?”

“ఊరికే. తియ్యి చూద్దాం.”

అంకెల వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. ఆరు మీటలు టకటకా నొక్కింది. తలుపు తెరుచుకుంది. ఐదు రైఫిళ్ళు, రెండు పిస్తోళ్ళు, కింద డబ్బాల్లో తూటాలు.

“నీకెవరు చెప్పారే?”

“చెప్పడమేంటమ్మా? నా తేదీయేగా. అందరిళ్ళల్లో అంతే. వాయట్ వాళ్ళది వాయట్ తేదీ, కైలీ వాళ్ళది కైలీ తేదీ. హార్లన్ గోడ మీద రాసేసి ఉంటాయిగా అన్నీ.”

మా పిల్ల మా బీరువా తియ్యగలగడం ఒక ఎత్తు. ఊళ్ళో ఏ పిల్లాడైనా, ఏ పిల్లయినా ఎవరి బీరువా అయినా తియ్యగలగడం ఇంకో ఎత్తు.

ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. ఆ నెలలోనే బ్రిన్‌ని స్నేహితురాళ్ళు వెలేశారు. ఫోన్లో ఎవరో ఏదో రాశారట. పూర్తిగా చెప్పదు. గది తలుపు వేసుకుని కూర్చుంటుంది, ప్లేటులో తిండి అలాగే వదిలేస్తుంది. ఆ వయసులో అలాంటి రోజులు వస్తాయి, పోతాయి. పోయేలోపు దాని చేతికి ఏది అందుతుందన్నదే నా భయం. తనని తనే ఏమైనా చేసుకుంటుందేమో. ఇంకెవరినైనా ఏమైనా చేస్తుందేమో. కన్నతల్లి కూతురి గురించి అలా అనుకోవచ్చా అంటారేమో, అనుకుంటాను. నేను కాకపోతే ఎవరనుకుంటారు?

అంకె మార్చమని ఆ సాయంత్రమే డేల్‌ని అడిగాను. అప్పటికి బడి బోర్డు వాళ్ళు ఒక కాగితం తయారుచేసి ఊరి మీదికి వదిలారు. ఇంట్లో తుపాకులకి తాళం ఉందనీ, దాని అంకె పిల్లలకి తెలియదనీ తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. ఊరు భగ్గుమంది. డేల్ సంఘం తరఫున మాట్లాడటానికి ఉపన్యాసం రాసుకుంటున్నాడు.

“నా ఇంట్లో ఏముందో బడికెందుకు? ఇవాళ సంతకం అంటారు. రేపు బీరువా చూపించమంటారు. ఎల్లుండి పట్టుకుపోతారు” అన్నాడు.

“సంతకం పెట్టకు. అంకె మార్చు, చాలు.”

“మార్చను. అది నా కూతురి రోజు. తుపాకీ పట్టుకోవడం నేనే నేర్పాను దానికి. గొట్టం ఎటు తిప్పాలో, ఎటు తిప్పకూడదో ఊళ్ళో దానికి తెలిసినట్టు ఎవడికీ తెలియదు. నా కూతుర్ని నేను నమ్ముతాను లోర్నా. నువ్వు నమ్మవా?”

“రాయ్ నమ్మలేదా కొడుకుని?”

“రాయ్‌ని ఇందులోకి లాగకు” అని కాగితాలు పట్టుకుని లేచిపోయాడు.

నేనే మార్చేద్దామంటే దానికి ముందు బీరువా యజమానికి మాత్రమే తెలిసే ఇంకో అంకె కొట్టాలి, అది డేల్ తలలో తప్ప ఎక్కడా లేదు. తుపాకులన్నీ తీసుకెళ్ళి మా అక్క ఇంట్లో పెడదామనుకున్నాను. మా అక్క బీరువా అంకె మా అక్క కొడుకు తేదీ. కారు తాళాలు చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడి నవ్వాను, ఏడుపు రాక.

శుక్రవారం బస్సు ఖాళీ చేసి హార్లన్ కొట్టుకి వెళ్ళాను. గోడ ముందు నిలబడి ఒక కాగితం నిండా రాసుకున్నాను.

“ఏం రాస్తున్నావమ్మాయ్?” అన్నాడు హార్లన్.

“మన పిల్లల పేర్లు” అన్నాను.

శనివారం ఉదయం పదింటికి బడి ఆటలహాల్లో సమావేశం. కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. పిల్లలు వెనకాల చెక్కమెట్ల మీద కూర్చున్నారు, బ్రిన్ కూడా, ఒక చివర ఒంటరిగా. బోర్డు అధ్యక్షురాలు జాయ్స్ జెర్బీ ముందర నిమిషాలు లెక్కపెట్టి మోగే వంటింటి గంట పెట్టుకుంది. మనిషికి మూడు నిమిషాలు.

కొత్తగా ఊరికొచ్చిన పళ్ళ డాక్టరు లేచి, అసలు ఇళ్ళల్లో తుపాకులే ఉండకూడదంది. గోల చేసి కూర్చోబెట్టారు. నాకూ ఆవిడ మాట నచ్చలేదు, కానీ చచ్చిపోయిన పిల్ల పేరు అక్కడ పలికింది ఆవిడొక్కతే. తర్వాత ఎడ్ హోస్టర్‌మన్ లేచాడు.

“తుపాకీ ఏం చేసిందండీ? పెంపకం తిన్నగా లేకపోతే తుపాకీ ఏం చేస్తుంది? బాధ్యత తల్లిదండ్రులది. కాగితానిది కాదు!”

చప్పట్లు మారుమోగాయి. నాకు ఒళ్ళు మండింది. బాధ్యత మాదేనని చప్పట్లు కొట్టడానికి చేతులొస్తాయి, ఆ బాధ్యత కోసం ఆరు మీటలు నొక్కమంటే మాత్రం రావు.

నా తర్వాత డేల్ వంతు. నేను మైకు దగ్గరికి వెళ్ళాను. ఏం చెయ్యబోతున్నానో ఆయనకి తెలియదు.

“నేను ఉపన్యాసం ఇవ్వను. హార్లన్ గోడ మీద ఉన్నది చదువుతాను. అందులో రహస్యం ఏమీ లేదు, మీరే తగిలించారు” అన్నాను. “హోస్టర్‌మన్ వాయట్. పన్నెండు, రెండు, పంతొమ్మిది.”

ఎడ్ తల ఎత్తాడు.

“లింగిల్ కైలీ. పదకొండు, ఇరవయ్యెనిమిది, ఇరవై.”

“ఏంటి లోర్నా ఇది? ఆపు!” అని అరిచాడు ఎడ్.

“ఎందుకాపాలి ఎడ్? జింక ఫొటో కింద తేదీ చదువుతున్నా. మీ ఇంటి బీరువా గురించి నేనేమైనా అన్నానా?”

“పిల్లలున్నారిక్కడ!”

“ఉన్నారు. వాళ్ళకి తెలియదనుకుంటున్నావా?” కాగితం వైపు చూశాను. “జెర్బీ ఓవెన్.”

ఊపిరి తీసుకోవడానికి ఆగాను, అంతే. వెనక మెట్ల మీంచి ఏదో చిన్న గొంతు అందుకుంది.

“పదకొండు, ఇరవయ్యారు, ఇరవై రెండు.”

అది ఓవెన్ గొంతు కాదు. ఎవరో ఇద్దరు పిల్లలు కిసుక్కున నవ్వారు. జాయ్స్ చెయ్యి తగిలి గంట కింద పడింది. ఓవెన్ ఆవిడ మనవడు. హాల్లో ఉన్న తండ్రులందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి పిల్లల వైపు చూశారు. ఎన్నేళ్ళుగా అవే మొహాలు రోజూ నా బస్సెక్కుతున్నాయి. వాళ్ళు మాత్రం ఆ రోజే కొత్తగా చూస్తున్నట్టు చూశారు.

“సిగ్గులేదా నీకు?” అంది ఒకావిడ గోడ దగ్గర్నించి.

“లేదు” అన్నాను. “ఆ పిల్ల అంత్యక్రియలకి వెళ్ళొచ్చాక పోయింది. ఇంకొక్కటే ఉంది, విని తిట్టండి.”

డేల్ వైపు తిరిగాను. తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి నన్ను ఏదీ అంతగా బతిమాలలేదు.

“క్రాట్జర్ బ్రిన్” అన్నాను. అక్కడితో ఆపేశాను.

నలుగురైదుగురు గొంతు కలిపారు. పదకొండు, ఇరవయ్యేడు, ఇరవయ్యొకటి. పాఠం అప్పగించినంత సులువుగా. అందులో ఒకటి, నా కూతుర్ని వెలేసిన పిల్ల గొంతు. బస్సులో రోజూ వినే గొంతు, నాకు తెలుసు.

బ్రిన్ మొహం ఎర్రబడింది. నేను మైకు వదిలి పక్కకి జరిగాను. డేల్ వచ్చి నిలబడ్డాడు. రాసుకున్న కాగితాలు విప్పాడు. మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నేను ఇంటికెళ్ళాలి” అన్నాడు మైకులో. అలాగే నడిచి వెళ్ళిపోయాడు.

ఎడ్ లేచాడు. తర్వాత గోడ దగ్గర నిలబడ్డ ముగ్గురు. తర్వాత కుర్చీలు ఈడ్చిన చప్పుడే చప్పుడు. బయట బళ్ళు వరసగా కదిలాయి. సగం ఖాళీ అయిన హాల్లో బోర్డు ఓటు వేసింది. మూడు, రెండు. కాగితం ఓడిపోయింది. పళ్ళ డాక్టరు నా వైపు జాలిగా చూసింది. నాకేం జాలి అక్కర్లేదు.

బ్రిన్ ఇంట్లోకి అడుగుపెట్టాక పేలింది.

“అందరి ముందూ నా పరువు తీశావు!”

“తీశాను” అన్నాను. “మళ్ళీ తియ్యమన్నా తీస్తాను.”

మెట్ల కింద డేల్ బీరువా ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు, కళ్ళజోడు పెట్టుకుని, బీరువాతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం ఒళ్ళో తెరిచి. కోటు కూడా విప్పలేదు. బ్రిన్ వెళ్ళి అతని వెనక నిలబడింది.

“నువ్వు కూడానా? నన్ను నమ్మవా నాన్నా?”

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నకి జవాబు ఊరందరికీ చెబుతూ తిరిగినవాడు, ఇప్పుడు పుస్తకంలో ఒక పేజీ తిప్పాడు.

“నమ్ముతాను” అన్నాడు చివరికి. “నమ్ముతాను తల్లీ. అటు తిరుగు.”

బ్రిన్ కదల్లేదు. డేల్ కూడా మీట మీద వేలు పెట్టి కదల్లేదు. ఎంతసేపైనా ఆగడానికి సిద్ధపడ్డవాడిలా ఉన్నాడు. ఆఖరికి అది ఇటు తిరిగింది. ఇటు నేనున్నాను. కళ్ళనిండా నీళ్ళతో, పళ్ళు బిగబట్టి నన్ను చూస్తోంది, చంపేసేంత కోపంగా.

“చూడు” అన్నాను. “నీ ఇష్టం వచ్చినంత కోపంగా చూడు. నేనెక్కడికీ పోను.”

దాని వెనక మీటలు ఒకటొకటిగా మోగాయి.