పెనిమిటి పేరు

ఉప్పుమళ్ల గట్టు మీద, కూలీ ఆడవాళ్లందరి ముందూ సింధూరి చేతిలోని ఫోను లాక్కుని, అందులో రికార్డయిన గొంతులు విని, కంట్రాక్టరు సీతారామారావు నవ్వాడు.

“తుపానుకి మనుషులు సచ్చిపోనారా? ఏరీ? ఒక్క పేరైనా ఉన్నాదేటి ఇందులో?”

లేదు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివే సింధూరి తోటి విద్యార్థులతో వచ్చి, సొంతూరు నౌపడలో ఉప్పుమళ్ల కూలీల జ్ఞాపకాలు రికార్డు చేస్తోంది. ఇరవయ్యేళ్ల కిందట తుపాను ముంచుకొస్తుంటే ఉప్పురాశుల కాపలాకి కంట్రాక్టరు గట్ల మీద నిలబెట్టిన మగాళ్ల గురించి ఆడవాళ్లు చెప్పారు. పిల్లల తండ్రిని ‘మా గుంటల బాబు’ అనో, ‘మా ఇంటాయన’ అనో అన్నారే గాని పేరు పలకలేదు. భార్య పలికితే పెనిమిటికి ఆయుష్షు తరుగుతుంది. శవాలు దొరకలేదు మరి. మద్రాసు పనికి పోయారని కంట్రాక్టరు తేల్చేశాడు.

సింధూరి తల్లి తవిటమ్మ ఇప్పటికీ బొట్టు చెరపలేదు. గాలి ఉప్పువాసన తెచ్చినప్పుడల్లా గుమ్మంలో తడికాళ్లు ఆగినట్టు ఉలిక్కిపడుతుంది. కూతురు గడప దాటితే చాలు, ఆ నీరే దీన్నీ లాగేసుకుంటుందని భయం.

“మా నాన పేరు నేను సెప్తాను,” అంది సింధూరి.

“నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు. ఏటి సూసినావు?” అన్నాడు కంట్రాక్టరు.

“వద్దే తల్లీ, పోదాం రా. ఈలతో మనకొద్దు,” తవిటమ్మ కూతురి చెయ్యి పట్టి లాగింది.

అప్పుడు పక్కింటి గున్నమ్మ నెత్తిమీది ఉప్పుతట్ట కింద పడేసింది.

“ఒలే తవిటీ, నీ మొగుడి పేరు నీకు తప్పు. నాకేటి తప్పు? ఎల్లాజీ! కిందిగట్టు కాడ ఎల్లాజీని నిలబెట్టినావు కంట్రాక్టరు బాబూ, నాను సూసినాను!”

ఎన్నేళ్లకో విన్న పేరు. ఎవరో బదులు పలికినట్టే తవిటమ్మ నీటివైపు తిరిగింది. నీరే ఉంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది: “గున్నమ్మ పెనిమిటి... కూర్మయ్య.”

“మా ఆయన్ని కూడా పిలవండే,” వెనక నిలబడ్డ మరో కూలీ దానమ్మ ఏడుస్తూనే నవ్వింది. “సెవిటోడు, గట్టిగా పిలవాల!”

ఇక ఆగలేదు. ఒకరి మొగుణ్ని ఒకరు పిలిచారు. ఉప్పుమళ్ల మధ్య చచ్చినవాళ్లంతా లేచి నిలబడ్డట్టయింది. విద్యార్థుల ఫోన్లన్నీ పైకి లేచాయి.

కంట్రాక్టరు పిలిపించిన పోలీసు జీపు వచ్చింది. ఎస్సై సింధూరి రెక్క పట్టుకున్నాడు. నీరో మనిషో, కూతుర్ని ఎవరో లాక్కుపోతారనే ఇన్నాళ్లూ తవిటమ్మ భయపడింది. అది జరిగిపోయాక ఇంక పారిపోవడానికి చోటేదీ? కూతురి కంటే ముందే జీపెక్కి కూర్చుంది.

“నీ పేరు?” అడిగాడు ఎస్సై.

“తవిటమ్మ.”

“భర్త పేరు?”

ఆమె పెదవులు బిగించింది. జీపు చుట్టూ మూగిన ఆడవాళ్లు ఒక్క గొంతుతో అరిచారు: “ఎల్లాజీ!”

“బతికున్నాడా?”

తవిటమ్మ కంట్రాక్టరు వైపు వేలు చూపింది.

“కాపలా పెట్టినోడు ఆడు. ఆడ్ని అడిగి రాసుకో బాబూ.”