ఎడమవైపు కింది మూల

జాబితాలో పదకొండు వస్తువులు దొరికాయి. పన్నెండోది కత్తెర. కుల్యాష్ టీకప్పు పక్కకు జరిపి, కుర్చీ ముందుకు లాక్కుని, కంప్యూటరు తెరమీది పాడుబడ్డ కోట వంటగదిని మళ్ళీ పైనుంచి కిందికి గాలించింది. గిన్నెల వెనక చూసింది. పొయ్యిలో బూడిదంతా చూసింది. వేలాడదీసిన వెల్లుల్లి జడల మధ్య వెతికింది. ఒకచోట కత్తెరలాగే కనిపించింది గానీ, నొక్కితే అది కొంగముక్కు. తప్పు నొక్కినందుకు బాణం గుర్తు గిరగిరా తిరిగి ఐదు సెకన్లు మొరాయించింది. ఆ శిక్ష న్యాయమైనదేనని కుల్యాష్ అభిప్రాయం. చూడకుండా ఎక్కడ పడితే అక్కడ నొక్కేవాళ్ళకు ఆమాత్రం వాత పెట్టాల్సిందే.

ఇరవై నిమిషాలు గడిచాయి. తెర అంచున హింటు బటన్ మిణుకుమిణుకుమంటూ పిలుస్తోంది. ఏడేళ్ళలో రెండు వందలకు పైగా ఇలాంటి ఆటలు ఆడింది కుల్యాష్. ఒక్కసారి కూడా హింటు ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆమెకు తల తీసేసినట్టే.

ఆమెకు యాభై ఏడేళ్ళు. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, స్టీరింగు తిప్పి తిప్పి మగవాడికున్నట్టు గట్టిపడిన మణికట్లు. అల్మాటీ నగరంలో ఇరవై ఆరేళ్ళుగా ట్రాలీబస్సు నడుపుతోంది, నెత్తిమీది రెండు కొమ్ములతో పైతీగల్లోంచి కరెంటు లాక్కుని నడిచే బండి. పెళ్ళి చేసుకోవడానికి తీరిక దొరకలేదని ఆమె అంటుంది. తీరిక ఉన్ననాడూ ఎవరూ అడగలేదని డిపోలో అంటారు. రెండూ నిజమే కావచ్చు. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రోజుల్లో పొద్దున్నంతా నాలుగో అంతస్తులోని తన ఒంటిగది ఇంట్లో, మేనకోడలు వద్దనుకున్న పాత కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఆటల డిస్కులు బజారులో కొనుక్కొస్తుంది.

ఇలా వస్తువులు వెతికే ఆటలాడేవాళ్ళంతా చేరే సైటు ఒకటుంది. నర్సులు, లైబ్రరీవాళ్ళు, మందుల షాపులవాళ్ళు, ఎక్కువమంది ఈ వయసు ఆడవాళ్ళే. అక్కడ కుల్యాష్ పేరు డేగకన్ను. ఆమె ఏ ఆటకు ఎన్ని మార్కులు వేస్తుందో చూసిగాని డిస్కు కొననివాళ్ళు కజాన్ నుంచి కరగందా దాకా ఉన్నారు. ఆమె రాతలో మొహమాటం ఉండదు.

"కోట యజమానిని ఎవరో చంపేశారట. బాగానే ఉంది. ఆ ఇంట్లో చీపురన్నదే లేదా? పడకగదిలో నాగలేమిటి, బాతేమిటి, మూడు గొడుగులేమిటి? హంతకుణ్ణి తర్వాత పట్టుకోవచ్చు, ముందు ఇల్లు సర్దండి." ఇది ఒక ఆట గురించి. "పలకలు అటూ ఇటూ జరిపే చిక్కుముడి పెట్టారంటే కథ చెప్పడానికి సరుకు అయిపోయిందని అర్థం." ఇది ఇంకో ఆట గురించి. అందరూ మెచ్చుకుని దాచుకున్న మాట మాత్రం ఇది: "గోడరంగు తాడును గోడమీద పెట్టడం దాచడం కాదు, దగా. వస్తువు కళ్ళెదుటే ఉండాలి. అయినా కనపడకూడదు. అదీ పనితనం."

ఈ పూట ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆట ఆపకుండానే సైటు తెరిచి, రెండు వేళ్ళతో టకటకా కొట్టింది.

"తయారు చేసేవాళ్ళకు సిగ్గు పోయింది. వస్తువులన్నీ ఎడమవైపు కింది మూలలో కుక్కడం ఒక ఫ్యాషనైపోయింది. వరసగా ఇది నాలుగో ఆట. ఈసారైతే కత్తెర గీయడమే మర్చిపోయారు. పదికి రెండు."

టీ చల్లారేలోపే జవాబు వచ్చింది. రాసింది కరగందాలో మందుల షాపు నడిపే ఆవిడ. సైటులో ఆవిడ పేరు నీలికెటిలు. ఐదేళ్ళుగా ఇద్దరికీ మంచి స్నేహం, మొహాలు చూసుకున్నది లేదు.

"ఏమ్మా డేగా, ఆడలేక మద్దెల ఓడంటావా? కత్తెర ఎర్ర పిడులేసుకుని ఇంత లావున అక్కడ కూర్చుంటేనూ! మా అత్తగారు కళ్ళజోడు లేకుండా చూసి చెప్పింది. నిజం చెప్పు, ఆ మూలతో నీకేం పగ? నాలుగు ఆటల్నుంచి చూస్తున్నా, దాన్ని తిట్టేది నువ్వొక్కదానివే."

జవాబు కింద ఆవిడే వంటగది బొమ్మ పెట్టి, కత్తెర చుట్టూ గుండ్రంగా గీత గీసింది.

కుల్యాష్ ఆట కిటికీకి తిరిగి వచ్చింది. ఈసారి కళ్ళు కాదు, తలే ఎడమకు తిప్పి చూసింది. కత్తెర ఉంది. గుమ్మడికాయ పక్కన, దేని చాటునా లేకుండా, ఎర్రగా ఉంది. తల మళ్ళీ నిటారుగా పెట్టింది. కత్తెర పోయింది. పోయినచోట నల్లగా ఏమీ లేదు, మసకగా కూడా లేదు. వంటగది నేల ఉన్నట్టే ఉంది, అంతా నిండుగానే ఉంది. నిద్ర చాలలేదు అనుకుంది. బజారు డిస్కులింతే అనుకుంది. కత్తెర నొక్కకుండానే కంప్యూటరు కట్టేసింది.

డిపోలో బండి ఎక్కే ముందు ప్రతి డ్రైవరూ నర్సు గదిలోకి వెళ్ళాలి. నర్సు లిదియా కార్లోవ్నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, గడియారం చూసుకుంది.

"నూట ముప్పై, ఎనభై. గుర్రంలా ఉన్నావు. ఊదు."

కుల్యాష్ తాగారో లేదో చూసే గొట్టంలో ఊది, సంతకం పెట్టాల్సిన కాగితం అందుకోకుండా నిలబడింది.

"లిదియా కార్లోవ్నా, కళ్ళు... మూలల్లోంచి అరుగుతాయా?"

"ఎవరికి?"

"ఎవరికో. మా మేనకోడలు అడిగింది."

"నీటికాసులైతే, గ్లాకోమా అంటారే, అదైతే అరుగుతాయి. నొప్పీ ఉండదు, మంటా ఉండదు. దొంగలా వస్తుంది. పిల్లను చూపించుకోమను." నర్సు ముద్ర కొట్టింది. "నీకేం భయం లేదులే. గోడమీద అక్షరాల పటంలో అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా చదివిన మహాతల్లివి!"

అది నిజమే. ఏటా పరీక్షలో ఆఖరి వరుస దాకా గడగడా చదివేది. ఎదురుగా ఉన్నది ఇప్పటికీ చీమకాలు దాకా కనిపిస్తుంది. చెప్పేసే క్షణం అదే. నోటిదాకా వచ్చింది కూడా. పింఛనుకు ఇంకా నాలుగేళ్ళుంది, ఇంటికెళ్ళి ఏం చేయాలి, ఆ గదిలో రోజంతా ఎవరితో మాట్లాడాలి. కుల్యాష్ సంతకం పెట్టి బయటికి వచ్చేసింది. వచ్చినందుకు తనను తాను తిట్టుకుంటూనే బండెక్కింది.

కండక్టరు రిజ్వాన్‌గుల్ అప్పటికే మధ్య తలుపు దగ్గర టికెట్ల సంచి మెళ్ళో వేసుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతోంది. ఉయ్ఘూర్ల అమ్మాయి, ముప్పై రెండేళ్ళది, నోరు మూతపడదు.

"అక్కా, మొహమేంటి అలా ఉంది? కలలో పెళ్ళిచూపులయ్యాయా?"

"నోర్ముయ్. తలుపులు చూడు."

అక్టోబరు ఎండ. కొండలమీద కొత్త మంచు పడింది, కింద రోడ్డు పొడవునా పాప్లర్ ఆకులు కాలవల్లోకి రాలుతున్నాయి. కుల్యాష్ మామూలుకన్నా నెమ్మదిగా నడిపింది. తనకు తెలియకుండానే ఆట మొదలైంది. ఎదురుగా పుచ్చకాయల బండి, దొరికింది. కుడివైపు నీళ్ళ ట్యాంకరు, దొరికింది. ఎడమవైపు? ఎడమవైపు ఏమీ లేదు. తల తిప్పింది. అక్కడ పాలరంగు కారు తన కిటికీ పక్కనే వెళ్తోంది, ఎప్పట్నుంచి వెళ్తోందో. చేతులు చెమట పట్టాయి. తుడుచుకుంది. ప్రతి కూడలిలోనూ తల తిప్పడం మొదలుపెట్టింది, కుడికి, ఎడమకు, మళ్ళీ ఎడమకు. అలా తిప్పుతుంటే ఎదురుగా ఉన్నది తప్పిపోతుందేమోనని ఇంకో భయం. నెలల తరబడి ఇలాగే నడిపానా? వేసవిలో రెండుసార్లు ఎడమ పక్కద్దం గీసుకుపోతే అవతలివాళ్ళను నానా బూతులూ తిట్టింది. ఎన్నిసార్లు ఎవరెవరు పక్కకు దూకి బతికారో దేవుడికి తెలియాలి.

పాత ఆసుపత్రి దగ్గర జనం రోడ్డు దాటే చారల దారి ఉంది. అక్కడ ఎవరూ లేరు. ఎడమకు తల తిప్పి చూసింది, ఎదుటి లారీ అద్దంమీది ఎండ కళ్ళలో పడి వెంటనే తిప్పేసుకుంది. బండి చారలమీదికి వెళ్తుండగా ముందద్దంలో ఒక తెల్లగడ్డం మొలిచింది.

బ్రేకును రెండు కాళ్ళతో తొక్కింది. బండి కీచుమంటూ వొంగింది. వెనక ఎవరివో సంచులు దొర్లాయి, ఆపిల్ పళ్ళు నేలంతా పరుగెత్తాయి, ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. గడ్డం ఆయన అద్దానికి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. చేతికర్ర ఎత్తి బండి మొహంమీద ఒక్కటేశాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా! చూస్తూ చూస్తూ మీదికొస్తావేం!"

ఆయన పోయేదాకా కుల్యాష్ కాళ్ళు బ్రేకుమీద నుంచి రాలేదు. రిజ్వాన్‌గుల్ మోచెయ్యి రుద్దుకుంటూ క్యాబిన్ తలుపు దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల గొంతులో ఆటపట్టింపు లేదు.

"ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడు?" అంది కుల్యాష్.

"ఊడిపడలేదక్కా. అవతలి అంచునుంచి నడుచుకుంటూనే వస్తున్నాడు. నాకు వెనకనుంచే కనిపించాడు. నువ్వు చూశావులే అనుకున్నా."

చివరి స్టాపు వరకు ఎలా తీసుకెళ్ళిందో ఆమెకు గుర్తు లేదు. మనుషులు నడిచే వేగంలో వెళ్ళిందని, వెనకవాళ్ళు హారన్లు మోగించారని తర్వాత రిజ్వాన్‌గుల్ చెప్పింది. అందరూ దిగిపోయాక కుల్యాష్ సీట్లో నుంచి కదల్లేదు.

"రిజ్వాన్, ఒక పని చెయ్యి. దిగి, నా ఎడమ పక్క ఆ స్తంభం దగ్గర నిలబడు. అక్కణ్నుంచి మెల్లగా బండి ముందుకి నడువు. నేను కనపడ్డావు అనేదాకా నడుస్తూనే ఉండు."

"ఎందుకక్కా?"

"నడువమన్నాను."

పిల్ల దిగింది. ఒంటిమీద గులాబీరంగు కోటు, తలకు పసుపు రుమాలు. గుడ్డివాడికైనా తెలిసే రంగులు. కుల్యాష్ ఎదురుగా ఉన్న పూల కొట్టు బోర్డుమీద చూపు నిలిపి, తల కదపకుండా ఎదురుచూసింది. బోర్డుమీద అక్షరాలు లెక్కపెట్టింది. పూల కొట్టావిడ బకెట్టు నీళ్ళు కాలవలో పారబోసి లోపలికి వెళ్ళింది. ఇంకా ఎవరూ రాలేదు.

"ఏమే, మొదలుపెట్టవేం?" అని కిటికీలోంచి అరిచింది.

"ఎప్పట్నుంచో నడుస్తున్నానక్కా!"

గొంతు చాలా దగ్గర్నుంచి వచ్చింది. మరో రెండు అడుగులకు గులాబీరంగు ముందద్దం దాదాపు మధ్యలోకి, ఎక్కణ్నుంచో ఊడిపడ్డట్టు వచ్చేసింది. ఆ పిల్ల నడిచిన దూరమంతా చూసింది కుల్యాష్. స్తంభం నుంచి బండి మొహం దాకా. అందులో ఒక బడిపిల్లల వరస పడుతుంది.

రిజ్వాన్‌గుల్‌కు అర్థమైంది. క్యాబిన్‌లోకి ఎక్కి గుసగుసగా అంది, "ఎవరికీ చెప్పకు. ఈ ఒక్క ట్రిప్పూ నేను నీ పక్కనే నిలబడతా. ఎడమవైపు నేను చూసి చెప్తా. రేపు డాక్టరు దగ్గరికి పోదాం. చుక్కల మందేస్తే పోతుందేమో."

"పోయింది తిరిగిరాదు. ఉన్నది నిలబడితే అదే పదివేలు."

"మరి నీ పింఛను? నాలుగేళ్ళంటే ఎంత, కళ్ళు మూసుకుంటే..." అంటూనే పిల్ల నాలుక్కరుచుకుంది.

కుల్యాష్‌కు నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆశ పుట్టిన మాట నిజం. ఒక్క ట్రిప్పు. ఈ పిల్ల కళ్ళతో ఇవాళ, ఇంకేదో ఉపాయంతో రేపు. తలుపులోంచి మనుషులు ఎక్కుతున్నారు. ఒక ముసలామె మనవడి చెయ్యి పట్టుకుని వచ్చి, క్యాబిన్ అద్దంమీద వేలితో కొట్టి, "ఏం తల్లీ, ఇవాళ కదులుతావా, మమ్మల్ని నడిచి పొమ్మంటావా?" అని అడిగింది.

"ఆటలో తప్పు నొక్కితే ఐదు సెకన్లు ఆపుతారు," అంది కుల్యాష్ రిజ్వాన్‌గుల్‌తో. "ఇక్కడ?"

ఫోను తీసి, డిపోలో బండ్లు పంపే డిస్పాచరుకు కలిపింది.

"ఏంటి, మళ్ళీ కొమ్ములు తీగమీంచి ఊడాయా?" అన్నాడతను.

"బండి బాగానే ఉంది. నాకు ఎడమవైపు కనపడటం లేదు. మనిషిని పంపు."

డిస్పాచరు గొంతు తగ్గించాడు. "కుల్యాష్, ఈ మాట చెప్తే నేను కాగితంమీద రాయాలి. రాశాక చెరపడం కుదరదు. తెలుసా?"

"రాసుకో."

ఎక్కినవాళ్ళను దింపమని రిజ్వాన్‌గుల్‌కు చెప్పి, తాళాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భయం పోలేదు. కాని పొద్దుటినుంచి గుండెల్లో పరుగెడుతున్నది కాస్త కూర్చుంది. ముప్పావు గంటకు యెర్నూర్ వచ్చాడు. కొత్తగా చేరిన డ్రైవరు, తాటిచెట్టంత మనిషి. ఆమె మొహంలోకి చూడటానికి మొహమాటపడ్డాడు.

"బ్రేకు కాస్త ఆలస్యంగా పట్టుకుంటుంది. ముందే తొక్కు," అని తాళాలు అతని చేతిలో పెట్టింది. "వెనక తలుపు ఎండాకాలం బిగుసుకుంటుంది. చలికాలం ఫర్వాలేదు."

"సరేనక్కా. విశ్రాంతి తీసుకో. తగ్గాక మళ్ళీ రావచ్చు."

కుల్యాష్ ఆ అబద్ధానికి తల ఊపి మెట్లు దిగింది. దిగేటప్పుడు కమ్మీ పట్టుకుంది. పట్టుకుని దిగడం అదే మొదటిసారి. రిజ్వాన్‌గుల్ ఏడుస్తూనే టికెట్లు చింపుతోంది.

పూల కొట్టు పక్కన బల్లమీద కూర్చుని ఫోనులో సైటు తెరిచింది. పొద్దున రాసింది చెరిపేసింది. ఆ చోట కొత్తగా కొట్టింది.

"కత్తెర అక్కడే ఉంది. తయారు చేసినవాళ్ళ తప్పేమీ లేదు, నాలుగు ఆటల్లోనూ లేదు. క్షమించాలి. పదికి తొమ్మిది. ఒక మార్కు పలకల చిక్కుముడి పెట్టినందుకు కోశాను. ఇకమీద మార్కులు వేసే పని నీలికెటిలు చూసుకుంటుంది."

పంపించి తలెత్తేసరికి బండి నిండి ఉంది. యెర్నూర్ మోకాళ్ళు పట్టక సీటు ఆఖరిదాకా వెనక్కి నెట్టుకున్నాడు. కూర్చోబోతూ కింద ఏదో ఎత్తుగా తగిలితే తీసి ముందద్దం దగ్గర పడేశాడు. తలుపులు మూసుకున్నాయి. తీగమీద కొమ్ములు చిటపటలాడాయి. తల తిప్పి, బండి మలుపు తిరిగేదాకా కుల్యాష్ చూస్తూనే ఉంది. అద్దానికి ఆనుకుని ఒక ఆకుపచ్చ మఖ్మలు దిండు వెళ్తోంది, ఇరవై ఆరేళ్ళు ఒకే మనిషి కూర్చున్న గుంత దాని మధ్యలో ఇంకా పొంగలేదు.