పడిన మూలమట్టం

మిల్లీమీటరు మోకాలు సోమవారం పొద్దుటికి తొంభై డిగ్రీలు వంగాలి. వంగకపోతే సర్జన్ గారు మత్తిచ్చి తనే వంచుతారు. అలా వంచేటప్పుడు, ప్లేటు పెట్టి ఆరు మరలు బిగించి అతికించిన ఎముక మళ్ళీ విరగొచ్చు, విరగకపోనూ వచ్చు. ఆ రెండో మాట చెప్పేటప్పుడు సర్జన్ గారు మనిషి మొహం చూడకుండా కాగితం మడుస్తూ చెప్పారు. అందుకని ఆ ఇంట్లో దాన్నెవరూ నమ్ముకోలేదు.

మిల్లీమీటరు అంటే ఇక్కడ కొలత కాదు, మనిషి. టైల్స్ మేస్త్రీ. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, పాతికేళ్ళుగా దాన్ని పిలిచినవాళ్ళు తక్కువ. టైలుకీ టైలుకీ మధ్య సందులో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా వరసంతా పీకించి మళ్ళీ వేయించేవాడు. ఆ బాధ పడలేక చేతికింది వాళ్ళు పెట్టిన పేరది. మొదట చాటున అనేవాళ్ళు. తర్వాత ఎదురుగానే అన్నారు. అతను కోపం తెచ్చుకోకపోగా లోలోపల మురిసిపోయాడు.

టైల్స్ పని మోకాళ్ళ మీద చేసే పని. పొద్దున వంగితే సాయంత్రానికి లేవడం. మోకాలు మడవలేని మనిషికి ఆ పనిలో చోటు లేదు. తను చేతకానివాడైతే ఎలాగన్న భయం అతన్ని రెండు నెలలుగా తినేస్తోంది. ఆ మాట భార్యతో కూడా అనలేదు.

కాలు విరిగింది మెట్ల మీద. రెండంతస్తుల ఇంటికి మెట్ల మలుపులో వెయ్యాల్సిన పెద్ద గ్రానైట్ పలకని ఇద్దరు మోసుకెళ్తున్నారు. పైన బావమరిది, కింద మిల్లీమీటరు. బావమరిది అంటే భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. పన్నెండేళ్ళుగా బావ దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు సగం పనికి భాగస్తుడు. మలుపు దగ్గర అతని చెయ్యి చెమటకి జారింది. "వదలకు" అని మిల్లీమీటరు కేక వేశాడు. అప్పటికే పలక వచ్చేసింది. మనిషినీ, మనిషి కాలినీ, పక్కనే ఉన్న పనిముట్ల సంచినీ కలిపి గోడకి నొక్కేసింది.

ఆ తర్వాత మిల్లీమీటరు బావమరిదిని ఒక్క మాట అనలేదు. అక్కడే వచ్చింది చిక్కు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే అక్కడితో తెగిపోయేది. తిట్టలేదు సరికదా, మాట్లాడ్డమే మానేశాడు. ఏదైనా చెప్పాలంటే, ఎదురుగా బావమరిది కూర్చునే ఉన్నా, భార్య వైపు తిరిగి "మీ తమ్ముడికి చెప్పు" అనేవాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు కుర్చీలో కూర్చోబెట్టడానికి వాడు భుజం కింద చెయ్యి వెయ్యబోతే, "చెయ్యి వెయ్యకు" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. బావమరిది మొహం మాడిపోయింది.

కుట్లు విప్పాక ఫిజియో అమ్మాయి కాలు వంచడం మొదలుపెట్టింది. పాతికేళ్ళు కూడా ఉండవు. ప్లాస్టిక్ కొలబద్ద ఒకటి, మధ్యలో మేకుతో రెండు చేతులు ఉన్నది, మోకాలికి ఆనించి అంకె చదివేది. మిల్లీమీటరుకి మొదటి రోజే ఆ ప్లాస్టిక్ ముక్క నచ్చలేదు.

"స్కూలు పిల్లల పెట్టెలో ఉండే సామాను ఇది. దీంతో మనిషి కాలు కొలుస్తారా?" అన్నాడు ఇంటికొచ్చి.

కొలతకి అతని దగ్గర అసలు సిసలైనది ఉంది. ఉక్కు మూలమట్టం. రెండు చేతులతో సరిగ్గా తొంభై డిగ్రీల మూల చూపించే పనిముట్టు. గది మూల సరిగా ఉందో లేదో, టైలు వంకర పోయిందో లేదో అది చెప్పాల్సిందే. మేకుకి వేలాడుతున్నదాన్ని భార్య చేత తీయించి, రోజూ సాయంత్రం కొలిపించడం మొదలుపెట్టాడు. కుర్చీలో కూర్చుని కాలు వంగినంత వంచేవాడు. ఆమె మూలమట్టం ఒక చెయ్యి తొడ కింద ఆనించి, రెండోది పిక్క వెనక నిలబెట్టేది. మడమ దగ్గర ఇనుముకీ కాలికీ మధ్య మిగిలిన సందులో టైలు ముక్కలు దూర్చేది. ఎన్ని పడితే అంత తక్కువ వంగినట్టు, ముక్కకి డిగ్రీ పైచిలుకు. అతను కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించుకుని, లెక్క మాత్రం వినేవాడు.

మొదటి రోజు పదిహేడు ముక్కలు పట్టాయి. రెండు వారాలకి పది. మరో వారానికి ఐదు.

ఐదు వచ్చిన మర్నాడు ఫిజియో అమ్మాయి కొలిచి "ఎనభై ఒకటి" అంది.

"మా లెక్కన ఎనభై నాలుగమ్మా," అన్నాడు మిల్లీమీటరు.

"మీ లెక్క దేంతో చేశారు?"

చెప్పాడు. ఆమె నవ్వాపుకుంది గానీ సరిగా ఆపుకోలేదు. "అది గోడలకండీ," అంది.

"గోడ అబద్ధం చెప్పదు, ఉక్కూ చెప్పదు. మీ ప్లాస్టిక్ ఎండకి వంకరపోయి ఉంటుంది. మార్చుకోండి," అని కర్ర పట్టుకుని లేచి వచ్చేశాడు. ఆ తర్వాత అటువైపు వెళ్ళలేదు. ఆ అమ్మాయి నాలుగుసార్లు ఫోను చేస్తే నాలుగుసార్లూ భార్య ఏదో ఒకటి చెప్పి నీళ్ళు నమిలింది. ఇలాంటి పంతం మేస్త్రీలకే చెల్లింది.

ఆదివారం సాయంత్రం సందులో ఒక్క ముక్క కూడా దూరలేదు. ఇనుము కాలికి అతుక్కుపోయింది. భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మిల్లీమీటరు చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఇంకా ఎనిమిది రోజుల గడువుండగానే తొంభై వచ్చేసిందని ఇద్దరు స్నేహితులకి ఫోను చేసి చెప్పాడు. "ఇంక దాన్ని హింస పెట్టడం దేనికి, నాలుగు రోజులు విశ్రాంతి ఇద్దాం" అని వంచడం మానేశాడు.

గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసిన బావమరిది ఒక్కడే నవ్వలేదు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

గురువారం సాయంత్రం వచ్చాడు. చెప్పులు విప్పి, అక్కని పలకరించకుండా, తిన్నగా మేకు దగ్గరికి వెళ్ళి మూలమట్టం తీసుకున్నాడు. మిల్లీమీటరు కుర్చీకి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేల మీద రెండు టైల్స్ మధ్య సందు గీతకి మూలమట్టం ఒక చెయ్యి ఆనించి, రెండో చెయ్యి వెంబడి పెన్సిలుతో గీత గీశాడు. తర్వాత మూలమట్టాన్ని బోర్లా తిప్పి, ఆ గీత మొదలైన చుక్క దగ్గరే పెట్టి, మళ్ళీ గీశాడు.

మూలమట్టం సరైనదైతే రెండు గీతలూ ఒకటే గీత కావాలి. కాలేదు. చుక్క దగ్గర కలిసి, పైకి వెళ్ళేకొద్దీ విడిపోయాయి. బావమరిది పైకొసన రెండు గీతల మధ్య టైలు ముక్కలు పేర్చాడు. ఐదు పట్టాయి. తిప్పి గీస్తే తప్పు రెండింతలై కనపడుతుంది, అందులో సగమే అసలు తప్పు. రెండున్నర ముక్కలంటే దగ్గరదగ్గర మూడు డిగ్రీలు.

మిల్లీమీటరు కుర్చీలోంచి ముందుకి వంగి గీతలు రెండూ చూశాడు. ఆ నేల అతను స్వయంగా వేసింది. ఆ సందు గీతని శంకించడానికి లేదు. కింద పడిన మూలమట్టాన్ని తిప్పి గీసి చూడకుండా వాడకూడదని ఈ పన్నెండేళ్ళలో బావమరిదికి వందసార్లు చెప్పింది కూడా అతనే.

"ఆ రోజు పలక కింద సంచి కూడా పడింది," అన్నాడు బావమరిది నేలని చూస్తూ. "మిగిలిన పని దీంతోనే చేశాను. బాత్రూములో పదకొండు టైల్స్ వంకర పోయాయి. పీకి మళ్ళీ వేశాను. కొత్తది కొనుక్కుని దీన్ని ఇక్కడ తగిలించాను."

"ఎప్పుడు?" మిల్లీమీటరు నేరుగా అతన్నే అడిగాడు. తను అడిగినట్టు తనకే తెలియలేదు.

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడే."

"మరి రోజూ నా ఎదురుగా నిలబడి, చూస్తూ ఊరుకున్నావా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను బావా? కాలు విరగ్గొట్టింది నేను. ముక్క తగ్గినప్పుడల్లా నీ మొహం కొంచెం విచ్చుకునేది. ఆ ముక్కలు కూడా నేనే లాక్కోనా? ఎలాగూ ఆ ఫిజియో అమ్మాయి దగ్గర కొలుస్తారు కదా అనుకున్నాను. నువ్వు అక్కడికి వెళ్ళడమూ మానేశావు."

భార్య తమ్ముణ్ణి చెడామడా తిట్టింది. తర్వాత భర్త వైపు తిరిగింది. "మీరు మాత్రం? మిల్లీమీటరుకి వరసంతా పీకించే మనిషికి ఇంత వంకర కనపడలేదా?"

కనపడలేదు. కళ్ళు మూసుకున్నాడు కదా. నిజం చెప్పాలంటే, తెరిచి ఉన్నా చూసేవాడు కాడు. కావలసిన అంకె చెబుతున్న పనిముట్టుని ఎవరు అనుమానిస్తారు? మిగతా వాళ్ళకైతే ఆ మాట సరిపోతుంది. ఇతనికి సరిపోలేదు, సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

మిగిలింది మూడు రోజులు. నాలుగు రోజుల విశ్రాంతికి కాలు ఇంకాస్త బిగిసింది. శుక్రవారం నుంచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం భార్య పిక్క పట్టుకుని వెనక్కి నొక్కేది. ముప్పై లెక్కపెట్టేదాకా పట్టి ఉంచాలని ఫిజియో అమ్మాయి ఎప్పుడో చెప్పింది. అతని నోట్లోంచి మూలుగు రాగానే ఆమె చేతులు వాటంతటవే ఊడిపోయేవి. "పన్నెండే అయింది," అనేవాడు అతను చెమటలు కక్కుతూ. "నా వల్ల కాదండీ," అనేది ఆమె. బావమరిది వసారాలో కూర్చుని ఆ లెక్కలన్నీ వినేవాడు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.

సోమవారం పదింటికి ముగ్గురూ ఫిజియో గదిలో ఉన్నారు. సర్జన్ గారు పదకొండుకి వస్తారు. అమ్మాయి పాత సంగతి ఎత్తకుండా మిల్లీమీటరుని బల్ల అంచున కూర్చోబెట్టి, ఉడుకు కాపడం పెట్టి, వంగినంత వంచి, ప్లాస్టిక్ కొలబద్ద ఆనించింది. ఈసారి అతను కళ్ళు మూసుకోలేదు.

"ఎనభై ఏడు."

మత్తు, బల్ల, తను తెలివిలో లేనప్పుడు ఎవరో తన కాలు పట్టుకుని విరిచేయడం, ఇవన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి.

"మూడేగా అమ్మా," అంది భార్య, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని. "తొంభై అని రాసెయ్యి తల్లీ. మిగతాది ఇంటి దగ్గర మేం చూసుకుంటాం."

అమ్మాయి పెన్ను కాగితం మీద ఆగింది. జాలిపడే రకమే. రాసేసేదేమో కూడా.

"వద్దు," అన్నాడు మిల్లీమీటరు. "ఉన్నదే రాయండి. తప్పు కొలత మీద ఒకసారి మోసపోయింది చాలు. పదకొండుకి ఇంకా టైముంది కదా. ఇంకోసారి వంచండి."

"నేను తొడ కదలకుండా పట్టుకోవాలి. కాలు ఇంకొకరు పట్టాలి, బలంగా. కుదుపు ఉండకూడదు. ఆపమని నేను చెప్పేదాకా ఆపకూడదు. ఎవరు పడతారు?"

భార్య ఒక అడుగు వెనక్కి వేసింది. గది మూల గోడకి ఆనుకుని నిలబడ్డ బావమరిది తన చేతులకేసి చూసుకున్నాడు.

మిల్లీమీటరు అతని వైపు తిరిగాడు. "నువ్వు పట్టుకో," అన్నాడు.

బావమరిది వచ్చి బల్ల ముందు నేల మీద మోకాళ్ళపై కూర్చున్నాడు. అరచేతులు చెమట పట్టి ఉన్నాయి. ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత పిక్కకి ముందున్న ఎముక మీద రెండు చేతులూ వేసి, కొద్దికొద్దిగా వెనక్కి నెట్టాడు. అమ్మాయి లెక్క మొదలుపెట్టింది. ఎనిమిది దగ్గర మిల్లీమీటరు బల్ల అంచు పట్టుకున్నాడు. పదిహేను దగ్గర నోరు తెరుచుకుంది. మూలుగు విని బావమరిది చేతులు ఒక్క క్షణం బెదిరాయి.

"వదలకు," అన్నాడు మిల్లీమీటరు.

ఆ మాటకి బావమరిది కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ముప్పై అయింది. కాస్త సడలించి, మళ్ళీ ముప్పై. మళ్ళీ ముప్పై. నాలుగోసారి లోపల ఏదో పట్టు తప్పినట్టు కాలు కొంచెం వెనక్కి జరిగింది. మిల్లీమీటరు పెద్దగా అరిచాడు. గుమ్మం బయట ఎవరో ఆగి తొంగి చూశారు. బావమరిది మాత్రం పట్టిన చోట పట్టినట్టే ఉన్నాడు.

"ఫర్వాలేదు, బిగుసుకున్నది వదిలింది. అలాగే ఉంచండి," అని అమ్మాయి కొలబద్ద ఆనించింది.

"ఎంత?" అన్నాడు మిల్లీమీటరు.

"తొంభై."

"అటువైపు నుంచి కూడా చూడండి."

అమ్మాయి ఒక క్షణం అతని మొహం చూసింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మోకాలి లోపలి వైపు నుంచి మళ్ళీ కొలిచింది. బావమరిది చేతులు భుజాల దాకా వణుకుతున్నాయి.

"ఇటూ తొంభయ్యేనండీ."

మిల్లీమీటరు ఊపిరి వదిలాడు. ముందుకి వంగి, బావమరిది తల మీద చెయ్యి వేశాడు. "ఇంక చాల్లే. వదులు," అన్నాడు.

బావమరిది వెంటనే వదల్లేదు. ఒక చెయ్యి మడమ కిందికి తెచ్చి, కాలిని నెమ్మదిగా ముందుకి తీసుకొచ్చి, ముక్కాలిపీట మీద ఆనించాక అప్పుడు తీశాడు.